ఎఫ్‌డీడీఐ రింగులో టోకెన్‌ను అంత త్వరగా ఎందుకు వదిలేస్తారు?

ప్రశ్న (నెట్‌వర్క్ విద్యార్థి):
నమస్కారం. స్టేషన్లను (కంప్యూటర్లను) వలయంగా కలిపే 4 మెగాబిట్ల పాత టోకెన్ రింగులో స్టేషను తాను పంపిన ఫ్రేము (డేటా మూట) చుట్టూ తిరిగి తన దగ్గరకు వచ్చాకనే టోకెన్‌ను, అంటే పంపే వంతును ఇచ్చే చిన్న సంకేతాన్ని, వదిలేది. ఫైబర్ మీద నడిచే 100 మెగాబిట్ల రింగు నెట్‌వర్క్ అయిన ఎఫ్‌డీడీఐలో మాత్రం పంపడం ముగియగానే వదిలేస్తుంది. ఈ తొందర ఎందుకు? అసలు ఈథర్‌నెట్‌లో లాగా లైను ఖాళీగా ఉందో లేదో విని పంపి, ఢీకొంటే మళ్ళీ పంపే పద్ధతినే ఫైబర్ మీద వాడుకోలేకపోయారా?

సమాధానం (పాత ఇంజనీరు):
చిక్కంతా దూరంతోనే వచ్చింది. ఫైబర్‌లో కాంతి కిలోమీటరు దాటడానికి సుమారు 5 మైక్రోసెకన్లు పడుతుంది కాబట్టి, 100 కిలోమీటర్ల రింగును చుట్టి రావడానికి, స్టేషన్లలో జరిగే ఆలస్యాన్ని పక్కన పెట్టినా, 500 మైక్రోసెకన్లు కావాలి. సెకనుకు 100 మెగాబిట్ల వేగంతో 500 బైట్ల ఫ్రేమును పంపడానికి పట్టేది 40 మైక్రోసెకన్లే. అది తిరిగొచ్చేదాకా టోకెన్‌ను పట్టుకుని కూర్చుంటే మిగతా 460 మైక్రోసెకన్లూ కొత్తగా ఎవరూ ఏమీ పంపలేరు. ముందే వదిలితే టోకెన్ ఆ ఫ్రేము వెనకే బయల్దేరుతుంది, పక్క స్టేషను తన ఫ్రేమును దాని వెనక చేరుస్తుంది. ఎవరి ఫ్రేమును వారే రింగు నుంచి తీసేస్తారు.

ఈథర్‌నెట్ పద్ధతికీ దూరమే అడ్డు. ఢీకొన్న సంగతి పంపడం ముగిసేలోపే తెలియాలి. అదే వేగంలో 2 కిలోమీటర్ల దూరానికి రానుపోను 20 మైక్రోసెకన్లు, అంటే 2000 బిట్లు. ఈథర్‌నెట్ కనీస ఫ్రేము 512 బిట్లే, కాబట్టి ఢీకొన్న సంగతి తెలిసేలోపే దాన్ని పంపడం ముగిసిపోతుంది.

సమాధానం (ఫైబర్ మిత్రుడు):
దానికి తోడు, ఒక స్టేషను వెలుగును అన్నిటికీ పంచే, విద్యుత్తు అక్కరలేని స్టార్ కప్లర్‌తో స్టేషన్లను కలిపినప్పుడు, దగ్గరి స్టేషను బలమైన వెలుగులో దూరపు స్టేషను బలహీనమైన వెలుగు కలిసిపోతుంది కనుక ఢీకొన్నట్టు గుర్తించడమే కష్టం.

నెట్‌వర్క్ విద్యార్థి:
ధన్యవాదాలండీ. మరి టోకెన్ దొరికిన స్టేషను ఎంతసేపైనా పంపుతూ కూర్చుంటే?

పాత ఇంజనీరు:
అలా కుదరదు. రింగు మొదలయ్యేటప్పుడే టోకెన్ ఎంతలో తిరిగి రావాలో ప్రతి స్టేషనూ ఒక విలువ అడుగుతుంది, అందరిలోకీ తక్కువ అడిగినదే ఖాయమవుతుంది. దానినే టీటీఆర్‌టీ (టార్గెట్ టోకెన్ రొటేషన్ టైమ్) అంటారు. అది 8 మిల్లీసెకన్లనుకోండి. టోకెన్ 5లో వస్తే మిగిలిన 3 మిల్లీసెకన్లు మామూలు డేటాకు వాడుకోవచ్చు, ఆలస్యంగా వస్తే ముందే సమయం కేటాయించుకున్న, ఆలస్యం కాకూడని సింక్రనస్ డేటా మాత్రమే పంపాలి. ఈ లెక్క వల్ల టోకెన్ రావడానికి ఎప్పుడూ టీటీఆర్‌టీకి రెట్టింపు కంటే ఎక్కువ సమయం పట్టదు.

అయితే ఆ విలువను పెంచుకుంటూ పోకూడదు. 20 స్టేషన్లూ తీరిక లేకుండా పంపుతుంటే, 8 మిల్లీసెకన్ల దగ్గర మామూలు డేటా వంతుకు గరిష్ఠంగా సుమారు 152 మిల్లీసెకన్లు ఆగాలి. 165 దగ్గర పెడితే 3 సెకన్లు దాటుతుంది. నేనైతే 8 దగ్గరే ఉంచేవాడిని.