పట్టా భూమిలో చెట్టును నిలబెట్టిన రైతుకు ఏటా డబ్బు చెల్లించాలా?

మెట్టచేను (రాజంపేట వైపు):
మా నాన్నగారు 1996లో మూడెకరాల మెట్టకు గట్ల వెంబడి ఎర్రచందనం మొక్కలు నాటారు. బండలు తేలిన అరెకరంలో తమంతట తామే మొలిచిన వేప, నెమలినార మొక్కలను కొట్టకుండా వదిలేశారు. ఎర్రచందనంలో ఇప్పటికీ చాలా మానులకు చేవ, అంటే లోపలి గట్టి కలప, పిడికిలి మందం దాటలేదు. ఇన్నేళ్లలో వచ్చిన రాబడి ఏమీ లేదు కానీ, నీడ పడిన సాళ్లలో వేరుసెనగ కాపు పలచబడింది, కంచె రెండుసార్లు మార్చవలసి వచ్చింది, ఒక రాత్రి ఎవరో వచ్చి నాలుగు మానులకు గొడ్డలితో గాటు పెట్టి చేవ ఎంత దిగిందో చూసుకుని పోయారు. 2025లో జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ మన రాష్ట్రంలోని 198 మంది ఎర్రచందనం రైతులకు సుమారు 3 కోట్ల రూపాయలు విడుదల చేసింది. సంతోషమే, కానీ అది కలప వ్యాపారం నుంచి రాబట్టిన వాటా, అంటే చెట్టు పడితేనే వచ్చే డబ్బు. చెట్టు నిలిచి ఉన్నన్నాళ్లూ ఏటా చెల్లించే పద్ధతి కోస్టారికాలో 1997 నుంచే నడుస్తుండగా మనకు ఎందుకు ఉండకూడదని నా ప్రశ్న.

లెక్కలపద్దు:
కోస్టారికా సంగతి పూర్తిగా చెప్పుకుందాం. అక్కడ ఆ చెల్లింపులకు ఇంధన పన్ను రాబడిలో 3.5 శాతం కేటాయిస్తారు. అయితే ఆ చెల్లింపులకు దారి వేసిన 1996 అటవీ చట్టమే సహజమైన అడవిని కొట్టి భూమిని మరో వాడకానికి మార్చడాన్ని నిషేధించింది. నరకడమే నేరమైనప్పుడు నరకనందుకు డబ్బెందుకన్న ప్రశ్న అక్కడే పుట్టింది. తొలి ఏళ్ల చెల్లింపులను పరిశీలించిన పరిశోధకులు, డబ్బు పెద్ద భాగం ఎలాగూ ఎవరూ కొట్టని నేలలకే చేరిందని తేల్చారు. మీ ఎర్రచందనం కూడా అంతే. అమ్ముకోవడానికే పెంచారు గనుక, ప్రభుత్వం ఇచ్చినా ఇవ్వకపోయినా చేవ పట్టేదాకా మీరు కొట్టరు.

నా దృష్టిలో రైతుకు అడ్డం డబ్బు కాదు, కాగితం. 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ప్రకారం సొంత పొలంలోని చెట్టు కొట్టాలన్నా చాలా జాతులకు అనుమతి కావాలి, ఎర్రచందనానికైతే ఆ పైన రవాణా పర్మిట్. గట్టున వేప మొలిస్తే, రేపు దీని కోసం ఆఫీసుల చుట్టూ ఎవరు తిరుగుతారని మొలకలోనే పీకేసిన రైతులను నేను చూశాను. సులువుగా అమ్ముడుపోయే సుబాబుల్, సరుగుడు, జామాయిల్ వైపు రైతు పోయాడంటే ఆశ్చర్యమేముంది?

కౌలుకాగితం:
ఇద్దరూ భూమి యజమాని గురించే మాట్లాడుతున్నారు, కాబట్టి దున్నేవాడి మాట కూడా వినండి. తెలంగాణలో 2018లో రైతుబంధు మొదలైనప్పుడు ఎకరాకు పంటకు 4,000 రూపాయలు పాసుపుస్తకం ఉన్నవారి ఖాతాలోనే పడ్డాయి, కౌలు రైతుకు అందలేదు. చెట్టుకు కూడా ఎకరాల లెక్కన డబ్బిస్తే, హైదరాబాదులోనో బెంగళూరులోనో ఉండే ఆసామి కౌలుదారుణ్ణి పంపించేసి, నాలుగు వరసల మొక్కలు నాటించి, గేటుకు తాళం వేసి కూర్చుంటాడు. అడవి పెరుగుతుందేమో, నా వంటి వాడికి చేను పోతుంది.

మెట్టచేను:
కౌలుకాగితం గారి మాటకు నా దగ్గర ఎదురు లేదు. లెక్కలపద్దు గారు చెప్పినదానిలోనూ సగం ఒప్పుకుంటాను: ఎర్రచందనానికి ఏటా డబ్బు అడగను, పర్మిట్ సులువు చేస్తే చాలు. కానీ బండల అరెకరంలోని వేపకు, నెమలినారకు కొనుగోలుదారు ఎవరు? ఆ నేలను చదును చేసి మామిడి పెట్టుకోమని ఊళ్లో అందరూ చెబుతున్నారు, ఉపాధి హామీ కింద పండ్ల తోటకు గుంతలు తవ్వించి మొక్కలు కూడా ఇచ్చారు గదా అంటున్నారు. ఉన్న చెట్టు తీసి కొత్త మొక్క పెడితే సాయం దొరుకుతుంది, ఉన్నదాన్ని ఉండనిస్తే దొరకదు. పర్యావరణానికి మేలు చేసే పనులకు క్రెడిట్లు ఇచ్చేందుకు 2023లో కేంద్రం తెచ్చిన గ్రీన్ క్రెడిట్ పథకం కూడా చెట్ల పెంపకానికి మొదట అటవీ శాఖ అధీనంలోని క్షీణించిన భూములనే ఎంచుకుంది. సొంత సాగులో ఉన్న చిన్న రైతులకు, పంట వేయని గట్టు నేలకు, సహజంగా పెరిగిన చెట్లకు మాత్రమే ఇవ్వమంటున్నాను. అప్పుడు కౌలుదారుణ్ణి వెళ్లగొట్టే పనే ఉండదు.

లెక్కలపద్దు:
ఈ రూపంలో అయితే నా అభ్యంతరం చాలావరకు పోతుంది, ఎందుకంటే మామిడికి పోబోయే నేలను నిజంగానే ఆపుతున్నారు. ఇక మిగిలింది గుర్తింపు. ఏటా ఎవరో ఒకరు వచ్చి చెట్లు ఉన్నాయని రాయాలి, ఆ రాతకు ఆధారం రెవెన్యూ పద్దులో ఉండాలి. మీ అడంగల్‌లో ఆ అరెకరం ఏమని నమోదై ఉంది?

మెట్టచేను:
ఇప్పుడే తీసి చూశాను. "బీడు" అని ఉంది.