సమస్యాపూరణం: మీసమున్నవాడె మేటి భామ

ఈసారి సమస్య ఆటవెలది పద్యంలో నాలుగో పాదం, ముందు మూడు పాదాలు మీరు రాయాలి. అది రాస్తున్నంతసేపూ నా మనసులో ఉన్నది నాటకాల్లో ఆడవేషాలకు పేరుపడ్డ నటుడు స్థానం నరసింహారావు గారే. 1902లో బాపట్లలో పుట్టి, తెనాలి రామవిలాస సభ నాటకాల్లో ఎదిగి, సత్యభామ, చింతామణి, రోషనార, మధురవాణి పాత్రలతో జనాన్ని కట్టిపడేసిన మనిషి. 1956లో పద్మశ్రీ అందుకున్నారు. ఆయన మీదే పూరించండి.

గుంటూరు మాస్టారు:

భావపురిని బుట్టి భామ వేషము గట్టి
తెనుగు రంగభూమి తేజమయ్యె
స్థానమనగ నెవరు? సత్యభామే గదా!
మీసమున్నవాడె మేటి భామ

మాస్టారూ, ఎత్తుగడ చాలా బాగుంది. 'భావపురి' అనగానే బాపట్ల భావనారాయణస్వామి గుడి కళ్ల ముందు నిలిచింది. 'సత్యభామే గదా' ఒక్కటే పంటి కింద రాయి. బుట్టి, గట్టి అంటూ పాత పద్ధతిలో నడుస్తున్న పద్యంలో అది వాడుక రూపం. 'సత్యభామయె గాదె' అనండి. చివర ర గణం పోయి సలం వస్తుంది, రెండూ ఇంద్రగణాలే కాబట్టి ఛందస్సు చెడదు.

విజయవాడ మిత్రుడు: ఆడవేషం కట్టే మనిషికి మీసం ఎక్కడిదండీ?

నెల్లూరు అక్క: మొదటి వేషం నాటికి ఆయనకు పద్దెనిమిదేళ్లు తమ్ముడూ, నూనూగు మీసాల వయసు. 1920లో హరిశ్చంద్ర నాటకానికి చంద్రమతి వేషధారి రాకపోతే ఈయన చీర కట్టారు.

చంద్రమతికి నటుడు సమయాన రాకున్న
స్థానమందు నిలిచె స్థానమపుడు
చీర కొంగు కప్పి చెమ్మగిల్లగ కళ్లు
మీసమున్నవాడె మేటి భామ

అక్కా, రెండో పాదం చదివి కాసేపు ఆగిపోయాను. మొదటి 'స్థానం' ఖాళీ అయిన చోటు, రెండోది ఇంటిపేరు. రానివాడి చోటులో నిలబడిన కుర్రాడు ఆ చోటును తన పేరు చేసుకున్నాడు! ఆయన తొలి జీవితమంతా ఆ ఒక్క పాదంలో ఉంది.

గుంటూరు మాస్టారు: 'నిలిచె' తర్వాత 'స్థా' ఉంది కదా, 'చె' గురువు కాదా?

కాదు మాస్టారూ. 'నిలిచె' తెలుగు క్రియ, 'స్థానము' వేరే పదం. సమాసం కాదు కాబట్టి లఘువే. అదే 'రంగస్థలం'లో అయితే 'గ' గురువు.

కొత్త సభ్యుడు: తప్పులుంటే చెప్పండి, కొంచెం టెన్షన్‌గా ఉంది.

నాటకాల రాణి నవరసమ్ములఁ బండి
వెండితెరకు వచ్చె సత్యభామ
చూపులెల్ల నతని సొగసు మాయకు లొంగ
మీసమున్నవాడె మేటి భామ

టెన్షన్ ఎందుకు బాబూ, మూడో పాదం నాకంటే బాగా రాశావు. రెండో పాదంలో మాత్రం యతి తప్పింది, 'వె'కి 'స' కలవదు. 'వెండితెరకు నడచె వేడ్కతోడ' అంటే సరి. ఆయన 1939లో రాధాకృష్ణ, 1942లో సత్యభామ చిత్రాల్లో నటించారు. అయినా ఇవాళ్టికీ జనం తలుచుకునేది రంగస్థలం మీది స్థానాన్నే. మొదటి పాదంలో 'నాటకాల రాణి' అన్నావు చూడు, అందుకే ఆ మాట అలాగే ఉంచు.

రోషనార మీద ఇంకా ఎవరూ రాయలేదు. అక్కా, మీరే మొదలుపెట్టాలి.