సొంతంగా క్లచ్ మార్చాలంటే లిఫ్టు ఉండాల్సిందేనా?

మియాటా_మామ (ఫ్రిస్కో, టెక్సస్)
నాది 1996 మాజ్డా మియాటా (రెండు సీట్ల చిన్న స్పోర్ట్స్ కారు), 1.8 లీటర్ల ఇంజిన్, ఐదు గేర్లది. 4,500 డాలర్లకి కొన్నాను. ఇప్పుడు క్లచ్ మార్చడానికి షాపువాడు 1,300 అడుగుతున్నాడు. కిట్ తెప్పించుకుని నేనే మార్చేద్దామని ఉంది. గరాజ్ సీలింగ్ తొమ్మిది అడుగులే, రెండు స్తంభాల లిఫ్టు పెట్టించే మాటే లేదు. గంటల లెక్కన లిఫ్టు అద్దెకిచ్చే చోటు 25 మైళ్ళ దూరంలో ఒకటుంది. నా వాదన ఏమిటంటే, గేర్‌బాక్స్ బరువు ముప్పై అయిదు కిలోల చిల్లర, లేపిన కారుని మోసే నాలుగు జాక్ స్టాండ్లు, ఒక ఫ్లోర్ జాకీ చాలు. కాదంటే కారణం చెప్పండి, ఊరికే భయపెట్టకండి.

గేర్ల_గుంటూరు (ఎడిసన్)
అసలు క్లచ్చే పోయిందని ఎవరు చెప్పారు? ఈ కార్లలో స్లేవ్ సిలిండర్ (పెడల్ తొక్కితే క్లచ్‌ని విడదీసే చిన్న హైడ్రాలిక్ సిలిండర్) తరచూ పోతుంది. గేరు పడేటప్పుడు కరకరమంటోందా? పెడల్ కిందికంటా దిగిపోతోందా? అయితే స్లేవ్ మీది రబ్బరు బూటు లాగి చూడండి. లోపల తడి ఉంటే దొంగ అదే. బయటే ఉంటుంది, రెండు బోల్టులు విప్పితే వచ్చేస్తుంది. దానికి గేర్‌బాక్స్ దించక్కర్లేదు.

మియాటా_మామ
గేర్లు సాఫీగానే పడుతున్నాయండీ. నాలుగో గేరులో 60 మీద వెళ్తూ యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే ఇంజిన్ ఆర్‌పీఎం ముల్లు 3,500 నుంచి 5,000కి ఎగురుతోంది, స్పీడు పెరగట్లేదు. క్లచ్ ప్లేటు జారుతోంది, అనుమానం లేదు.

గేర్ల_గుంటూరు
సరే, ఒప్పుకున్నా. కానీ అరిగి జారుతోందా, ఆయిల్ పడి జారుతోందా? సిలిండర్ హెడ్ (ఇంజిన్ పైభాగం) వెనక క్యామ్ యాంగిల్ సెన్సర్ అని ఒకటుంది, దానికి ఒక రబ్బరు ఓ-రింగ్ ఉంటుంది. అది కారితే ఆయిల్ బెల్‌హౌసింగ్ (క్లచ్‌ని కప్పి ఉండే డొప్ప) మీదికి దిగుతుంది. చూసినవాడు రియర్ మెయిన్ సీల్ (ఇంజిన్ వెనక కొసన ఆయిల్ కారకుండా ఆపేది) పోయిందనుకుంటాడు. అంతా విప్పి సీల్ మార్చి, మళ్ళీ బిగించాక కూడా కారుతుంటే అప్పుడు ఏడవాలి.

రెంచ్_రాజు (హ్యూస్టన్)
తమ్ముడూ, నేను స్టాండ్ల మీదే చేశా. మళ్ళీ మాత్రం చేయను. దించడం ఎవడైనా దించుతాడు. స్టార్టర్ పైబోల్టు ఒక్కటి ఏడిపిస్తుంది. వెల్లకిలా పడుకుని, రెండడుగుల ఎక్స్‌టెన్షన్లు కలిపి, కనపడనిదాన్ని చేత్తో తడుముకుంటూ విప్పాలి. అసలు నరకం తిరిగి ఎక్కించేటప్పుడు. గేర్‌బాక్స్ ముందుకి పొడుచుకొచ్చే ఇన్‌పుట్ షాఫ్ట్ క్లచ్ ప్లేటు మధ్యలోంచి దూరి, ఇంజిన్ వైపు ఫ్లైవీల్ (ఇంజిన్ వెనక తిరిగే బరువైన చక్రం) మధ్యలో ఉండే పైలట్ బేరింగ్‌లో కూర్చోవాలి. కోణం వెంట్రుకవాసి తేడా వచ్చినా దూరదు. విసుగొచ్చి గేర్‌బాక్స్‌ని సగంలో వదిలేస్తే ఆ బరువంతా ప్లేటు మీద వేలాడి, కొత్త ప్లేటు వంకరపోతుంది. లిఫ్టు మీదైతే నిలబడి కళ్ళెదురుగా చూస్తూ తోస్తావు. అదీ తేడా.

లక్ష్మి_డబుల్‌క్లచ్ (శాన్ ఆంటోనియో)
రాజు గారితో నేను ఏకీభవించను. గంటల లిఫ్టు మీద చేసిన అనుభవం నాది. ఆటో ఎక్కి ట్రాఫిక్‌లో ఇరుక్కున్నట్టే, మీటర్ తిరుగుతూనే ఉంటుంది. ఆరు గంటల్లో అయిపోతుందని వెళ్ళా. ఎగ్జాస్ట్ నట్టు తుప్పుపట్టి గుండ్రంగా అరిగిపోయింది. దానికే గంటన్నర. తర్వాత కిట్‌లో ప్లేటు 200 మిల్లీమీటర్లదని తేలింది. అది 1.6 ఇంజిన్‌ది, నా 1.8కి 215 కావాలి. కారు గాల్లో, గేర్‌బాక్స్ నేల మీద, షాపు మూసేది ఎనిమిదింటికి. ఆ కంగారులో ప్రెజర్ ప్లేట్ (క్లచ్ ప్లేటుని నొక్కి పట్టేది) బోల్టుల్ని ఎదురెదురుగా కొంచెం కొంచెంగా బిగించడం మానేసి వరసగా బిగించేశా. ఇంట్లో అయితే గరాజ్ తలుపు దించేసి అన్నం తినొచ్చేదాన్ని. మీవాళ్ళెవరైనా సైన్యంలో ఉంటే (నిజం సైన్యమే) బేస్‌లో ఆటో హాబీ షాపుల్లో లిఫ్టు చవగ్గా దొరుకుతుంది. మా తమ్ముడి పుణ్యమా అని నాకది ఆలస్యంగా తెలిసింది.

బెజవాడ_బాబాయ్ (ఆటోనగర్)
మా దగ్గర గొయ్యి ఉంటుంది. కారు పైన, మనిషి కింద. ఈ చర్చే ఉండదు.

రెంచ్_రాజు
బాబాయ్ గారూ, ఇక్కడ అద్దె ఇంట్లో గొయ్యి తవ్వితే ఓనర్ నన్నే అందులో పూడుస్తాడు. లక్ష్మి గారూ, మీరు చెప్పేది లిఫ్టు తప్పు కాదండీ, ముందు కిట్ విప్పి చూసుకోకపోవడం తప్పు. 2020లో ఒక పెద్ద టూల్స్ కంపెనీ లక్షల కొద్దీ జాక్ స్టాండ్లు వెనక్కి పిలిచింది, పళ్ళు జారి కారు పడిపోతుందని. దాని కింద పడుకునేది మనం.

లక్ష్మి_డబుల్‌క్లచ్
అందుకే విప్పిన చక్రాలు కూడా కారు కింద పెట్టాలి. దూరే ముందు రెండు చేతులతో కారుని ఊపి చూడాలి. ఊగితే ఆ రోజు పని లేదు.

మియాటా_మామ
రెండు శనాదివారాలు పట్టింది, స్టాండ్ల మీదే. రాజన్నా, నువ్వన్నది సగం నిజం. షాఫ్ట్ మూడుసార్లు దూరలేదు. నాలుగోసారి మా ఆవిడ గేర్‌బాక్స్ వెనక వైపు షాఫ్ట్‌ని మెల్లగా తిప్పింది (గేరులో పెట్టి ఉంచా), టక్కున కూర్చుంది. నేను లెక్కేసుకోనిది ఇంకోటి: కారు 18 అంగుళాలు లేపినా, జాకీ మీదున్న గేర్‌బాక్స్ కారు అంచు కింద నుంచి రాలేదు. జాకీ తీసేసి, అట్టపెట్టె పరిచి, దాని మీద ఈడ్చుకొచ్చా. పాత పైలట్ బేరింగ్ రంధ్రంలో రొట్టె కుక్కి సుత్తితో కొడితే అది బయటికొస్తుందని వీడియోల్లో చూసి మిగిలిన ఇడ్లీతో ప్రయత్నించా. ఇడ్లీ పిండైంది, బేరింగ్ కదల్లేదు.

గేర్ల_గుంటూరు
సీల్ కోసం ఫ్లైవీల్ ఎలాగూ విప్పుతారు కదండీ! వెనక నుంచి ఒక్క దెబ్బ కొడితే పోయేదానికి ఇడ్లీ ఎందుకు?

లక్ష్మి_డబుల్‌క్లచ్
కొత్త ప్లేటు సర్దుకునేదాకా, మొదటి 500 మైళ్ళు ఊళ్ళోనే మెల్లగా తిప్పండి. ఇంతకీ స్టాండ్లు, జాకీ, టూల్స్ అన్నీ కలిపి ఎంతయింది?

మియాటా_మామ
కిట్‌తో కలిపి 710. మా ఆవిడకి 400 అని చెప్పా.