ఓపెన్‌కాస్ట్‌లో పాత కరెంటు తీగలు: అతుకులతో నెట్టుకొద్దామా, లైన్ మార్చేద్దామా?

గోదావరి గట్టు: రామగుండం, మందమర్రి, భూపాలపల్లి వైపు గనుల్లో చేసే అన్నలను అడుగుతున్నా. మా క్వారీ చుట్టూ ఉన్న 33 కేవీ లైన్ బాగా పాతబడింది. మొత్తం మార్చాలని మేం కొందరం అంటున్నాం. "గని ఇంకో ఐదేళ్లే నడుస్తుంది, తెగిన చోట స్లీవ్ (రెండు కొసలను కలిపే గొట్టం) వేస్తే చాలు" అని మిగతావాళ్లు. మీరేమంటారు?

షిఫ్ట్ ఇంచార్జి: అతుకే నయం. లైన్ మార్చాలంటే షట్‌డౌన్ ఇవ్వాలి. తవ్వి పోసే షావెల్ ఆగితే డంపర్లన్నీ ఆగుతాయి. అంతకన్నా పెద్ద టెన్షన్ పంపులతో. నీళ్లు తోడకపోతే గనిలో కింది బెంచ్ (మెట్టు) మునుగుతుంది.

పాత లైన్‌మన్: అన్నా, పంపుల మాట నిజం. నేను మార్చమనేది కూడా అందుకే. జూలై వానలో, అర్ధరాత్రి లైన్ తెగితే పంపులు ఎన్ని గంటలు ఆగుతాయో ఎవరు చెప్పగలరు? ఏప్రిల్, మే నెలల్లో ఒక్కో ముక్కకు ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే కరెంటు ఆపి పనిచేసే అనుమతి) తీసుకుని మార్చుకుంటే ఆ గంటలు మన చేతిలో ఉంటాయి.

పైగా తీగ తెగిన చోటే పాడైందనుకోవద్దు. రాబిట్ కండక్టర్ అనే రకం తీగలో ఏడు పోగులు: నడుమ ఒకటి ఉక్కు, చుట్టూ ఆరు అల్యూమినియం. ఒకసారి దింపిన తీగను జాయింట్ పక్కన విప్పి చూశాను. పై పోగులు నల్లబడ్డాయి గానీ గట్టిగానే ఉన్నాయి. లోపలి ఉక్కు పోగును తాకితే తుప్పు పొడి వేళ్లకంటింది. కింద నిలబడి తల ఎత్తి చూస్తే ఇది కనిపించదు.

తెగితే బ్రేకర్ ట్రిప్ అవుతుందిలే అనే ధీమా ఇంకా ప్రమాదం. ఎండిన ఓబీ (బొగ్గు పైనుంచి తవ్విపోసిన మట్టి, రాయి) రాళ్ల మీద పడ్డ తీగలోంచి నేలలోకి పోయే కరెంటు తక్కువ, బ్రేకర్‌ను ట్రిప్ చేయించే రిలే పట్టుకోకపోవచ్చు. నేను పనిచేసిన చోట ఒక మధ్యాహ్నం తీగ రాళ్ల కుప్ప మీద పడి చిటపటలాడుతూనే ఉంది. సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేస్తే "ఫీడర్ ఛార్జ్‌లోనే ఉంది" అన్నారు, అంటే లైన్‌లో ఇంకా కరెంటు ఉంది. అటువైపు నడుస్తున్న హెల్పర్ పిల్లగాణ్ని చొక్కా పట్టి వెనక్కి గుంజాను. ఆ చిటపట ఇప్పటికీ చెవుల్లో ఉంది.

గోదావరి గట్టు: అయితే అంతా భూమిలో కేబుల్ వేసేస్తే?

పాత లైన్‌మన్: అంతటా వద్దు తమ్మీ. బ్లాస్టింగ్ వైపు, బెంచ్ ముందుకు జరిగే వైపు పాతిన కేబుల్ నిలవదు. డంపర్లు తిరిగే హాల్ రోడ్డు దాటే చోట మాత్రం పైపులో కేబుల్ వేయించండి, బాడీ ఎత్తిన డంపర్ తీగకు తగిలే భయం పోతుంది. మిగతా దారిలో కొత్త తీగ, కొత్త ఇన్సులేటర్లు. బొగ్గు దుమ్ము పేరుకున్న ఇన్సులేటర్ మీద తొలకరి చినుకు పడితే ఫ్లాష్ ఓవర్ అయి (కరెంటు ఇన్సులేటర్ మీదుగా దూకి) ట్రిప్పులు మొదలవుతాయి, మీరూ చూసే ఉంటారు.

గని ఐదేళ్లే అంటున్నారు, అంటే ఐదు వానాకాలాలు. తర్వాత ఆ తీగ, ఆ స్తంభాలు విప్పి ఇంకో క్వారీలో వాడుకోవచ్చు. ముందు హాల్ రోడ్డు మీద వేలాడే తీగల్లో ఎన్ని జాయింట్లున్నాయో లెక్కపెట్టి ఇక్కడ రాయి. ఎక్కడ మొదలుపెట్టాలో అప్పుడు మాట్లాడుకుందాం.