సమస్య: "బండి నడుపువాఁడు పండుకొనియె"

విజయనగరం (పృచ్ఛకుడు):
అందరికీ నమస్కారం. ఈ వారం సమస్య ఇచ్చే వంతు నాది. ఆటవెలదిలో నాలుగో పాదం ఇది, ముందు మూడు పాదాలు రాసి పూరించండి:

బండి నడుపువాఁడు పండుకొనియె

నా కబుర్లు అడిగారు కదా, పూరణకు పనికొస్తే వాడుకోండి. ఎల్‌ఎల్‌ఆర్ (లెర్నర్ లైసెన్సు) చేతికొచ్చింది. 30 రోజులు దాటితే గానీ అసలు లైసెన్సు పరీక్షకు రానివ్వరు. ఈలోగా తెల్లవారుజామున రింగ్ రోడ్డులో ప్రాక్టీసు. గంటస్తంభం వైపు మాత్రం మా ట్రైనర్ స్టీరింగ్ తిప్పనివ్వడం లేదు. ఉద్యోగం ఇంటినుంచే. వెబ్‌సైటులో మార్పులు జనం తక్కువగా ఉండే అర్ధరాత్రి ఎక్కిస్తాం. సెలవు రోజుల్లో పద్యానికి గణాలు విడగొట్టే చిన్న సైటు రాస్తున్నా. మీ పూరణలన్నీ దానికి వేస్తా, ముందే చెప్తున్నా!

పాలకొండ మాస్టారు:
కారు సంగతి మీ కుర్రాళ్లు చూసుకోండి బాబూ. నాకు తెలిసిన బండి ఇది.

సంత ముగిసి రాత్రి సద్దుమణిగినంత
నెడ్ల కెరుకె యూరి కేగు దారి
పగ్గ మటుల విడిచి పరచిన గడ్డిపై
బండి నడుపువాఁడు పండుకొనియె.

టెక్కలి టీచరమ్మ:
మాస్టారూ, రెండో పాదం ఒక్కటి చాలు, సమస్య విడిపోయింది. ఎడ్లకు దారి తెలుసు కాబట్టి మనిషి పడుకున్నా పర్వాలేదు. యతి (పాదం మొదటి అక్షరానికి మధ్యలో కుదరాల్సిన అక్షరం) కూడా 'నెడ్ల'లోని ఎకారానికి 'కేగు'లోని ఏకారంతో చక్కగా కుదిరింది.

బొబ్బిలి:
నేనూ కంప్యూటర్ పనివాణ్నే, అందుకని ఆ రాత్రి డ్యూటీ పట్టుకున్నా.

కోడు పంపి రాత్రి కునుకులేక నిలిచి
సైటు తెరచి చూచి సరిగ నడువ
నాల్గు గంటలకును నవ్వుచు మంచాన
బండి నడుపువాఁడు పండుకొనియె.

పాలకొండ మాస్టారు:
గణాలూ యతీ బాగున్నాయి. కానీ బాబూ, బండి ఎక్కడుంది? మూడు పాదాలూ సైటు గురించి చెప్పి, నాలుగో పాదంలో హఠాత్తుగా బండి తెస్తే చదివేవాడు వెతుక్కోవాలి. సమస్యాపూరణంలో ఆఖరి పాదం అతికించినట్టు ఉండకూడదు.

బొబ్బిలి:
నిజమే మాస్టారూ. రెండో పాదం "సైటు బండి కదలి సాగ మురిసి" అంటే?

పాలకొండ మాస్టారు:
ఇప్పుడు రూపకం కుదిరింది. బండి రెండుసార్లు వచ్చింది గానీ దానికి నేను అడ్డు చెప్పను.

టెక్కలి టీచరమ్మ:
మా అబ్బాయి నేర్చుకునేటప్పుడు వెనక సీటులో కూర్చుని చూసింది రాశాను.

పక్క సీటులోనఁ బాదాలు చాపుచు
క్లచ్చు బ్రేకు గేరు కథలు తెలిపి
శిష్యుఁ డెదురు గేదెఁ జేరక యాపఁగా
బండి నడుపువాఁడు పండుకొనియె.

విజయనగరం (పృచ్ఛకుడు):
టీచర్ గారూ, పద్యం చదివి నవ్వాగలేదు. కానీ నా సైటు రెండో పాదం దగ్గర ఎర్రగీత పెట్టింది. 'క్లచ్చు' తర్వాత 'బ్రే' సంయుక్తాక్షరం కదా, దాని ముందున్న 'చ్చు' గురువు అవుతుందని అంటోంది. అప్పుడు మొదటి గణం రెండు గురువులు. ఈ పాదంలో అన్నీ సూర్యగణాలే ఉండాలి, అంటే గురువు-లఘువు గానీ మూడు లఘువులు గానీ. వాటిలో అది లేదు.

టెక్కలి టీచరమ్మ:
మీ సైటు సంస్కృతం చదువుకుందేమో! తెలుగులో వేరు వేరు మాటలైనప్పుడు, రెండో మాట సంయుక్తంతో మొదలైనా ముందు మాట చివరి లఘువు లఘువే. సంస్కృత సమాసంలో అయితే ఊది పలుకుతాం, గురువు చేస్తాం. క్లచ్చు, బ్రేకు సమాసం కావు.

విజయనగరం (పృచ్ఛకుడు):
ప్రోగ్రాముకు మాట ఎక్కడ ఆగిందో అక్కర్లేదండీ. ఖాళీలన్నీ తీసేసి అక్షరాల వరస మీద లెక్క వేస్తుంది. యూనికోడ్‌లో 'బ్రే' అంటే బ, పొల్లు, ర, ఏత్వం. రెండు హల్లుల మధ్య పొల్లు కనపడితే ముందరి అక్షరం గురువు. అరసున్నను, సున్నను మాత్రం తేడాగానే చూస్తుంది, వాటికి విడివిడి సంకేతాలున్నాయి.

పాలకొండ మాస్టారు:
ఖాళీలు ఉంచితే సరిపోదా?

విజయనగరం (పృచ్ఛకుడు):
ఉంచితే సమాసాన్ని విడగొట్టి రాసిన చోట తప్పు చెప్తుంది మాస్టారూ. సమాసమో కాదో దానికెలా తెలుస్తుంది? అలాంటి చోట ఎర్రగీత బదులు పసుపు గీత పెట్టి, గురువా లఘువా అన్నది రాసినవాళ్లకే వదిలేస్తా. ఈ ఇంగ్లీషు మాటలతోనే చిక్కంతా. క్లచ్చు, బ్రేకు, ట్రాకు, ప్రాజెక్టు, అన్నీ జంట హల్లులతోనే మొదలవుతాయి!

బొబ్బిలి:
ఛందస్సు సరే. ఎల్ బోర్డు బండిలో పక్కన కూర్చున్నవాడికి లైసెన్సు ఉండాలి, బండిని ఆపగలిగే చోట కూర్చోవాలి అని 1989 మోటారు వాహనాల నిబంధనల్లో ఉంది. కాళ్లు చాపి నిద్రపోతే ఎలా ఆపుతాడు టీచరమ్మా?

టెక్కలి టీచరమ్మ:
అందుకే బాబూ అది సమస్య అయింది.

పాలకొండ మాస్టారు:
నా అభ్యంతరం వేరు. పక్క సీటులో ట్రైనర్ నడిపించేవాడు, నడుపువాడు శిష్యుడు. డ్రైవింగ్ స్కూలు కారులో ఆయన కాళ్ల కిందా బ్రేకు ఉంటుంది కాబట్టి ఒప్పుకుంటున్నా, సగం మనసుతో.

రాజాం:
ఆలస్యమైంది, క్షమించండి. "సాలూరు ఘాటులోఁ జలిగాలి వీచగా" అని మొదలెట్టా, ముందుకు సాగలేదు.

టెక్కలి టీచరమ్మ:
ఎలా సాగుతుంది? 'సాలూరు' రెండు గురువులు, ఒక లఘువు, అంటే తగణం. ఇంద్రగణాల చోట కూర్చుంటుంది గానీ పాదం మొదట సూర్యగణం కావాలి. మన ఊళ్లలో 'విజయనగర' అదృష్టం చేసుకుంది, రెండు నగణాలు. 'పాలకొండ' రెండు హగణాలు. 'సిక్కోలు' సాలూరు లాగే. 'పలాస' మాత్రం జగణం, విడిగా సూర్యగణమూ కాదు, ఇంద్రగణమూ కాదు పాపం.

రాజాం:
అయితే ఊరి పేరు వదిలేశా. సాలూరు దాటి ఒడిశా వైపు ఎక్కే ఘాటే అనుకోండి.

ఘాటు రోడ్డుమీదఁ గడచె రాత్రియు, నిద్ర
వచ్చె ననుచుఁ బక్క బంకుఁ జేరి
ఇంజ నాపి సీటు నింత వెనుక వాల్చి
బండి నడుపువాఁడు పండుకొనియె.

విజయనగరం (పృచ్ఛకుడు):
ఒక్క గీత కూడా పడలేదు!

పాలకొండ మాస్టారు:
తప్పు లేదు, చమత్కారమూ లేదు. బండి ఆపి పడుకుంటే సమస్య ఏముంది? కానీ పృచ్ఛకుడు రేపు రోడ్డెక్కేవాడు, అతనికి పనికొచ్చే పూరణ ఇదే. వచ్చే వారం నా వంతు, దత్తపది ఇస్తున్నా, ఈ నాలుగు మాటలూ పద్యంలో రావాలి: కారు, గేరు, కోడు, లారీ. నాలుగూ బండి, కంప్యూటరు అర్థాల్లో రాకూడదు. పైడితల్లి అమ్మవారి సిరిమాను సంబరాన్ని నచ్చిన ఛందంలో వర్ణించండి.

బొబ్బిలి:
'ఊరేగేరు'లో గేరు, 'ఒప్పుకోడు'లో కోడు దొరికేశాయి. లారీ మాత్రం మీరే తోలండి మాస్టారూ.