రోజంతా వార్తలు నడిచే ఇంటికి ఓఎల్‌ఈడీ టీవీ తగినదేనా?

విజయవాడ వాసి (ప్రశ్న):
మా నాన్నగారు ఉద్యోగ విరమణ చేసిన నాటి నుంచి మా హాల్లో టీవీ ఉదయం ఆరింటికి మొదలై రాత్రి పదింటి దాకా నడుస్తూనే ఉంటుంది, అందులో అధిక భాగం ఒకే తెలుగు వార్తా ఛానల్. పాత ఎల్‌సీడీ టీవీ పాడైపోయినందున 55 అంగుళాల ఓఎల్‌ఈడీ కొందామని నేను అంటున్నాను. మూలన కదలకుండా ఉండే ఛానల్ గుర్తు తెర మీద మచ్చలా నిలిచిపోతుందని మా తమ్ముడు వద్దంటున్నాడు. నేటి టీవీలకు కూడా ఈ భయం వర్తిస్తుందా?

ఎలక్ట్రానిక్స్ అధ్యాపకుడు:
నా సలహా కొనమనే. ఎల్‌సీడీలో వెలుగు వెనుకనున్న దీపాలది. ముందున్న ద్రవస్ఫటికాలు ఆ వెలుగుకు తలుపుల వంటివి, అవి పూర్తిగా మూసుకోవు కనుకనే చీకటి గదిలో నలుపు బూడిద రంగులో కనిపిస్తుంది. ఓఎల్‌ఈడీలో ప్రతి పిక్సెల్‌ది, అంటే బొమ్మను కూర్చే ప్రతి చిన్న చుక్కది, సొంత వెలుగు. రెండు ఎలక్ట్రోడ్ల మధ్య, వెంట్రుక మందంలో వందో వంతు కూడా లేని కర్బన పదార్థపు పొరలు ఉంటాయి. ఒక వైపు నుంచి ఎలక్ట్రాన్లు, మరో వైపు నుంచి రంధ్రాలు (ఎలక్ట్రాన్ లేని ఖాళీలు, ధనావేశంలా ప్రవర్తిస్తాయి) వచ్చి మధ్య పొరలో కలిసినప్పుడు విడుదలయ్యే శక్తి కాంతిగా మారుతుంది. 1987లో ఈస్ట్‌మన్ కొడాక్ సంస్థలో చింగ్ టాంగ్, స్టీవెన్ వాన్ స్లైక్ ఇటువంటి రెండు పొరల పరికరాన్ని పది వోల్టుల లోపే వెలిగించి చూపడంతో ఈ మార్గం తెరుచుకుంది. విద్యుత్తు ఆగితే ఆ పిక్సెల్ పూర్తిగా చీకటి. ఆ నలుపు పక్కన రంగులు ఎంత నిండుగా కనిపిస్తాయో రాత్రి పూట ఒక్క సినిమా చూస్తే తెలుస్తుంది. పక్క నుంచి చూసినా బొమ్మ వెలవెలబోదు, వేగంగా కదిలే బంతి వెనుక తోక కనిపించదు.

టీవీ మరమ్మతులు చేసేవాడిని:
అధ్యాపకుల వారు చెప్పిన పనితీరు నిజమే. అయితే ప్రతి పిక్సెల్‌కూ సొంత వెలుగు ఉందంటే ప్రతి పిక్సెల్‌కూ సొంత అరుగుదల ఉన్నట్లే. ఛానల్ గుర్తు ఉన్నచోట, కింద స్క్రోలింగ్ పట్టీ ఉన్నచోట పిక్సెళ్లు రోజూ గంటల తరబడి ఒకే రంగులో గట్టిగా వెలిగి, చుట్టుపక్కల వాటికంటే ముందే మసకబారతాయి. దీన్ని బర్న్ ఇన్ అంటారు గానీ అక్కడ ఏదీ కాలిపోదు, వెలిగే పదార్థపు శక్తి తగ్గిపోతుంది, అంతే. నీలి రంగు కాంతికి ఎక్కువ శక్తి కావాలి గనుక ఆ పదార్థం మిగతా వాటికంటే త్వరగా క్షీణిస్తుంది. ఎల్‌సీడీలో బ్యాక్‌లైట్ స్ట్రిప్పులు పోతే మార్చి ఇవ్వగలను. ఇక్కడ ముద్ర పడితే ప్యానెల్ మొత్తం మార్చాలి, దాని ఖరీదు ఇంచుమించు కొత్త టీవీ ధరకు చేరుతుంది.

హైదరాబాద్ వీక్షకుడు:
ఓఎల్‌ఈడీకి కరెంటు తక్కువ ఖర్చవుతుందన్న లాభాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి కదా?

ఎలక్ట్రానిక్స్ అధ్యాపకుడు:
అది తెర మీది బొమ్మను బట్టి ఉంటుంది. చీకటి దృశ్యాలలో ఆదా అవుతుంది, కానీ తెల్లని, ప్రకాశవంతమైన దృశ్యాలలో ఎల్‌సీడీ కంటే ఎక్కువే లాగవచ్చు. ఓఎల్‌ఈడీ తెర ఉన్న ఫోన్లలో డార్క్ మోడ్‌పై (నల్లని నేపథ్యంపై అక్షరాలు చూపే అమరిక) అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయం వారు 2021లో చేసిన పరిశీలనలో, వెలుగు పూర్తిగా పెంచినప్పుడు 39 నుంచి 47 శాతం, 30-50 శాతం వెలుగులో 3 నుంచి 9 శాతం మాత్రమే ఆదా కనిపించింది. వార్తా స్టూడియో దృశ్యాలు వెలుగు నిండినవి కాబట్టి ఈ ఇంట్లో ఆ లాభం ఆశించకూడదు. ముద్ర విషయంలో మాత్రం మరమ్మతుదారు గారితో పూర్తిగా ఏకీభవించలేను. నేటి టీవీలు బొమ్మను కనబడనంతగా జరుపుతుంటాయి, కదలని గుర్తుల వెలుగును తగ్గిస్తాయి, కొన్ని గంటల వాడకం తరువాత స్టాండ్‌బైలో ఉన్నప్పుడు పిక్సెళ్ల అరుగుదలను కొలిచి సరిచేసుకుంటాయి.

టీవీ మరమ్మతులు చేసేవాడిని:
ఆ చివరి మాట దగ్గరే మన ఇళ్లలో చిక్కు వస్తుంది. రిమోట్‌తో ఆపగానే గోడ మీద స్విచ్ కూడా కట్టేసే అలవాటు చాలామందికి ఉంది. సరఫరా లేకపోతే ఆ సవరణ జరగదు. నేను ప్రతి ఇంట్లోనూ ఈ సంగతి చెప్పి వస్తాను. పైగా ఆ సవరణ తేడాను సర్దుతుందే తప్ప అరిగిన పదార్థాన్ని తిరిగి తేలేదు. రాత్రి రెండు గంటలు సినిమా చూసే ఇంటికైతే నేను కూడా ఓఎల్‌ఈడీనే కొనమంటాను. పదహారు గంటల వార్తలకు వద్దని నా మనవి.

ఎలక్ట్రానిక్స్ అధ్యాపకుడు:
గోడ స్విచ్ సంగతి నా ఆలోచనకు రాలేదు, చెప్పినందుకు కృతజ్ఞతలు. పదహారు గంటలు, అదీ ఒకే ఛానల్ అన్న లెక్కకు నేను తగినంత విలువ ఇవ్వలేదని ఒప్పుకుంటున్నాను. ఆ హాలుకు, వెనుక దీపాలను చిన్న చిన్న భాగాలుగా విడివిడిగా ఆర్పగల ఎల్‌సీడీ రకం, అంటే మినీ ఎల్‌ఈడీ టీవీ, మేలు. చీకట్లో తెల్లని అక్షరాల చుట్టూ కొంత వెలుగు చిందుతుంది, కానీ పగటి వెలుతురులో అది కంటికి ఆనదు.

విజయవాడ వాసి:
మా హాల్లో పగలంతా కిటికీల వెలుతురు పడుతుంది, స్విచ్ కట్టేయడం కూడా నాన్నగారి అలవాటే. హాలుకు మినీ ఎల్‌ఈడీనే తీసుకుంటాము. ఓఎల్‌ఈడీని మా గదికి, రాత్రి సినిమాల కోసం, వచ్చే ఏడాదికి ఉంచుకున్నాము.