చెట్టుకు వలయం సరే, చిప్పకు ఏమందాం?

విజయవాడ నుంచి ప్రశ్న: మా అబ్బాయి సైన్స్ ప్రాజెక్టులో చెట్టు వయసు, సముద్రపు చిప్ప వయసు పోల్చి రాస్తున్నాడు. చెట్టుకు ‘వార్షిక వలయాలు’ అని పుస్తకంలోనే ఉంది. చిప్ప మీది గీతలకూ అదే మాట వాడొచ్చా అండీ?

గుంటూరు నుంచి జవాబు: వాడితే ఎవరూ తప్పు పట్టరు గానీ నాకు నచ్చదండి. టింబర్ డిపోలో కోసిన టేకు దుంగ చూడండి. ఒకదాని చుట్టూ ఒకటి పూర్తిగా చుట్టుకున్న వలయాలు. నడుమది పాతది, బెరడు పక్కది కొత్తది. (టేకు ఏటా ఆకు రాలుస్తుంది కాబట్టి అంత తేటగా ఉంటాయి. వేపకు ఈ లెక్క అంత తేలిగ్గా కుదరదు.) చిప్పకు కీలు (రెండు పెంకులు అతుక్కునే చోటు) దగ్గరి ఉబ్బెత్తు పాతది, అంచు కొత్తది. సూర్యలంకలో ఏరిన చిప్పైనా సరే, గీతలు వంగి వచ్చి కీలు దగ్గర ఆగిపోతాయి, చుట్టి రావు. పైగా పైకి కనిపించే ప్రతి గీతా ఏడాది గుర్తు కాదు, తుఫాను దెబ్బకూ పడొచ్చు. అందుకే చిప్పను కోసి, నున్నగా చేసి మైక్రోస్కోపులో లెక్కపెడతారు.

అప్పుడు కూడా తికమకే. 2006లో ఐస్‌లాండ్ దగ్గర పట్టిన ‘ఆర్క్టికా ఇస్లాండికా’ జాతి చిప్పకు మొదట కీలు దగ్గర గీతలు లెక్కపెట్టి నాలుగు వందల పైచిలుకు ఏళ్ళన్నారు. అక్కడ గీతలు మరీ ఒత్తుగా ఉన్నాయి. 2013లో అంచు వైపు చూసి 507 అని తేల్చారు. అంటే 1499లో పుట్టింది, కృష్ణదేవరాయలు కొండవీడు గెలిచేనాటికి దానికి పదహారేళ్ళు! ఇక చెట్ల సంగతికొస్తే, కాలిఫోర్నియా కొండల్లోని ఒక బ్రిసిల్‌కోన్ పైన్ చెట్టుకు 4,800 ఏళ్ళు దాటాయి. చెట్టుకు పెన్సిల్ అంత పుల్ల తీసి లెక్కపెట్టినా బతుకుతుంది. పాపం, చిప్ప బతకలేదు.

విజయవాడ: మరి ‘ఏటి గీత’ అందామా?

గుంటూరు: కృష్ణ ఒడ్డున కూర్చుని ఏటి గీత అంటే జనం ఏరు అనుకుంటారండీ!

తెనాలి నుంచి ఇంకొకరు: ‘సాలు’ ఉందిగా. నాగటి చాలునూ సాలే అంటాం, ఏడాదినీ సాలే అంటాం. చిప్ప మీద ఉన్నవీ చాళ్ళలాంటివేగా.

గుంటూరు: భలే పట్టారు. ‘సాలు గీత’కే నా ఓటు. బాబుకు మార్కులు పోకుండా, మొదటిసారి వాడిన చోట మాత్రం ‘ఏడాదికొకటి పడే గీత’ అని కూడా రాయించండి.